ఐదుగురిలో ఒక్కదానికి

ఆర్మూర్‌లో ఎక్కిన బస్సు నిండా పసుపు వాసన. ఎండకు కళ్లు మూతలు పడుతున్నాయి. నాకప్పుడు ఆరో నెల. పక్క సీట్లో కూర్చున్న పెద్దామె నా ముఖం చూసి, "గంత ఫికర్ ఏంది బిడ్డా?" అంది.

ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పేశాను. మా నాన్నకు బైపోలార్ జబ్బు. కొన్ని నెలలు నిద్రే పట్టనంత హుషారు, కొన్ని నెలలు మంచం దిగనంత దిగులు. అది రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం కొంత ఎక్కువనీ, తప్పకుండా వస్తుందని మాత్రం కాదనీ డాక్టరు చెప్పాడు. నాకు మొదటి మాటే గుర్తుండిపోయింది.

ఆమె కొంగు ముడి విప్పి మందు గోలీలు చూపించింది. "మా అమ్మకు గదే ఉండె. ఐదుగురం పుట్టినం, నాకొక్కదానికే వచ్చింది. గీ గోలీలు మింగుకుంటనే పసుపు పండించిన, ముగ్గురు పిల్లలను సాదిన. మా అమ్మనే ఎవ్వలు దవాఖానకు తీస్కపోలే."

కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను కదల్లేదు. కిటికీ బయట చేలు కలలోలా జారిపోతున్నాయి.

డిచ్‌పల్లిలో దిగుతూ, "ఏం పేరు పెడుతవ్ బిడ్డా?" అని అడిగింది.

అప్పటిదాకా నేను పేరు గురించే ఆలోచించలేదు. బస్సు కదిలాక, ఒక్కో పేరూ మెల్లగా పలికి చూసుకుంటూ కూర్చున్నాను.