లగేజీ టికెట్టు మీద రాజవ్వ

జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయేవాళ్లు ఎవరూ కోరుట్ల మీదుగా చుట్టు తిరిగి పోరు. నేను పోయాను. రాజవ్వ ఫొటో జగిత్యాలలో ఉంది, రాజవ్వ కోరుట్లలో ఉంది, ఇద్దరినీ మధ్యాహ్నం రెండు గంటలలోపు సిరిసిల్ల చేర్చాలి.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మా ఇంట్లోనే అది ఇంకా ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. మా అబ్బాకు జగిత్యాలలో ఫొటో స్టూడియో ఉండేది. గల్ఫ్‌కు పోయేవాళ్లు పాస్‌పోర్టు ఫొటోకు వచ్చేవారు, చనిపోయినవాళ్ల చుట్టాలు గోడకు పెట్టుకునే పెద్ద ఫొటోకు వచ్చేవారు. ఈ రెండు రకాల జనంతోనే మా ఇల్లు గడిచింది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. నేను పది చిన్న కెమెరాలు కొని కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతికిచ్చాను. వాళ్ల బతుకును వాళ్లే ఫొటోలు తీస్తారు, అందులో మంచివి వాళ్లే ఏరుతారు, వాటితో క్యాలెండర్లు, కార్డులు వేయించి అమ్ముతాం, వచ్చింది పంచుకుంటాం. మా అమ్మీ దీన్ని కెమెరాలు పంచే దుకాణం అంటుంది. ఎవరైనా అడిగితే మాత్రం "మా నస్రీన్ టీచర్" అని చెప్పి తప్పించుకుంటుంది. మా దుకాణానికి ఒకటే రూలు: ఫొటో తీసినవాళ్లదే నిర్ణయం. ఆ రూలు పెట్టింది నేనే. పెట్టినరోజు చాలా గొప్పగా అనిపించింది.

సిరిసిల్లలో నేతసంఘం వాళ్లు ఫొటోల ప్రదర్శనకు హాలు ఇచ్చారు. ఒక్కొక్కరు తమ ఫొటోల్లోంచి ఒకదాన్ని పెద్దది చేయించుకోవచ్చన్నాను. ఒకామె తునికాకు చాట ఎంచుకుంది, ఒకామె మేకపిల్లను, ఇంకొకామె మధ్యాహ్నం పూట గుర్రుపెట్టే మొగుణ్ని. రాజవ్వ చేయి చాచి తన మొహం తానే తీసుకున్న ఫొటో ముందుపెట్టి, అందరికంటే పెద్దది కావాలంది. ఎందుకని అడిగితే చెప్పింది.

"మా తమ్ముడు శంకరయ్య సిరిసిల్లల సాంచాలు నడుపుతడు. మూడేండ్ల కింద నా బిడ్డ పెండ్లిల కొట్లాటయింది. ఇగ నీ మొకం సూడ అని పోయిండు. గోడ మీద గింత పెద్దగ పెడితె ఎట్ల సూడడో సూస్త."

ఆ కొట్లాట సంగతి వాళ్ల వాడంతటికీ తెలుసు. సాంచాలంటే మరమగ్గాలు. మేనమామ హోదాలో శంకరయ్య తన సాంచె మీద నేసిన చీరనే తెచ్చి అక్కకు పెట్టాడు. రాజవ్వ పందిట్లో అందరి ముందూ దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, "గిది చీరనా, లంగ గుడ్డనా?" అంది. ఆయన బువ్వ తినకుండా బస్సెక్కాడు. ఈ కథను రాజవ్వ నవ్వుతూనే చెబుతుంది. చెప్పడం అయిపోయాక మాత్రం చేతిలో బీడీ సగం చుట్టి కాసేపు ఊరికే కూర్చుంటుంది. ఈ ఒక్క ఫొటో మీద ఆమె పెట్టుకున్నంత ఆశ, ప్రదర్శన మొత్తం మీద నేను పెట్టుకోలేదు. మిగతావాళ్లు తమ ఫొటోలతో ముందురోజే సిరిసిల్ల వెళ్లిపోయినా, తన ఫ్రేము కోసం ఆమె ఆగిపోయింది.

పొద్దున ఆరున్నరకు మామూ దుకాణానికి పోయాను. అబ్బా కాలం నుంచీ ఫ్రేములు కట్టేది మా మామూనే. పాత పేపర్లలో చుట్టి, సుతిలితో బిగించి సిద్ధంగా పెట్టాడు. "నీకని స్పెషల్ చేసిన బేటీ" అన్నాడు. చాయ్ తాగి, షుక్రియా చెప్పి, ఏడు గంటల పల్లెవెలుగు ఎక్కాను.

ఎనిమిదికి పది నిమిషాలు తక్కువకు కోరుట్ల బస్టాండు. రాజవ్వ సంచి భుజానికి, కెమెరా మెడకు వేసుకుని నిలబడి ఉంది. "ముందుగాల సూపియ్యి" అంది. సిరిసిల్లలో చూద్దువులే అంటూ ఉండగానే గోళ్లతో పేపరు చింపేసింది.

బంగారు రంగు ఫ్రేములో రాజవ్వ నవ్వుతోంది. చుట్టూ గంధపు చెక్క దండ, చిన్న మేకులతో గట్టిగా కొట్టి ఉంది. అడుగున ఎర్ర బల్బు, వైరు, ప్లగ్గు. ఫొటో కింద అచ్చక్షరాలతో 'శ్రీమతి రాజవ్వ, స్వర్గస్థులైన తేది' అని ఉండి, పక్కన ఖాళీ.

మామూకు ఫోన్ చేసి అరిచాను.

"బతికున్నోళ్లు గంత పెద్ద సైజు ఎవరు చేయిస్తరు బేటీ?" అన్నాడు తాపీగా. "తేదీ నువ్వు చెప్పలే. ఖాళీ ఇడిసిన. స్కెచ్ పెన్ను తోని రాసుకోండ్రి."

ఫోన్ పెట్టేసి మేకులు పీకబోతే ఒక్కటీ కదల్లేదు, నా గోరు విరిగింది. కింద ఏం రాసి ఉందో చదవమంది రాజవ్వ. చదివాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.

"తేదీ ఎయ్యలేదు గదా, ఇంకేంది? బల్బు మంచిగున్నది బిడ్డా, దాన్ని ముట్టకు."

అలా తీసుకుపోతే బాగుండదన్నాను. "తీసినోళ్లదే నిర్ణయం అన్నవా లేదా?" అని అడిగింది. అన్నాను. ఎనిమిదింబావుకు వేములవాడ బస్సు వచ్చింది, ఎక్కాం.

మా రాష్ట్రంలో ఆడవాళ్లకు ఈ బస్సుల్లో టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టర్ రాజవ్వ కార్డు చూశాడు. తరువాత ఫ్రేమును చూశాడు, రాజవ్వను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. ఇదంతా తనకెందుకని అనుకున్నట్టున్నాడు. "మీ ఇద్దరికి జీరో టికెట్. దీనికి లగేజీ కొట్టాలె" అన్నాడు. బతికున్న ఇద్దరం ఉత్తగా, ఫొటో మాత్రం డబ్బులు కట్టి ప్రయాణం మొదలుపెట్టాం.

బస్సు కిక్కిరిసి ఉంది. రాజవ్వకు వెనక చివరి వరుసలో సీటు దొరికింది. నేను ఫ్రేముతో డ్రైవర్ పక్కన ఇంజన్ మూత దగ్గర ఇరుక్కున్నాను. "అద్దం నా కండ్లల్ల కొడుతున్నది, అటు తిప్పమ్మా" అన్నాడు డ్రైవర్. తిప్పాను. దాంతో దండ, బల్బు, రాజవ్వ, బస్సు జనమంతటికీ ఎదురుగా నిలిచారు. క్షణంలో ముందు వరుసల్లో మాటలు ఆగిపోయాయి. ఎవరో ఫోన్లో పెట్టుకున్న పాట కూడా ఆపేశారు.

కథలాపూర్ దాటాక పక్క సీటు పెద్దమ్మ నా మోచేయి పట్టుకుంది. ఒళ్లో రాజన్న గుడికి తీసుకుపోతున్న బంతిపూల సంచి ఉంది.

"మీ అవ్వనా బిడ్డా?"

"కాదమ్మా. మా రాజవ్వ. చనిపోలేదు, అదిగో, వెనక సీట్ల కూసున్నది" అన్నాను.

పెద్దమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నా చేయి నిమిరింది. "గట్లనే అనిపిస్తది బిడ్డా. మా ఆయన పోయినంక ఏడాది దాక నాకు గూడ పక్కపొంటి కూసున్నట్టే ఉండె" అని, సంచిలోంచి ఒక బంతిపువ్వు తీసి ఫ్రేముకు గుచ్చింది. ఇంకేం చెప్పినా దుఃఖంలో మాట్లాడుతున్నాననే అనుకుంటుందని ఊరుకున్నాను.

రుద్రంగిలో భుజాన తువ్వాల వేసుకున్న ఒకాయన ఎక్కాడు. ఫ్రేము ముందు ఆగి, కింద రాసింది చదివి, ఫోన్ తీసి మూడు నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. ప్రదర్శన మొదలవకముందే ప్రేక్షకుడు దొరికాడని నాకు సంబరమైంది. "ఫొటో నచ్చిందా అన్నా?" అని నవ్వుతూ అడిగాను. ఆయన నన్ను పురుగును చూసినట్టు చూసి, ఎవరికో ఫోన్ కలుపుకుంటూ చందుర్తిలో దిగిపోయాడు.

పది దాటాక వేములవాడ చేరాం. బస్టాండు నిండా కొత్త గుండ్లు, పసుపు పూసిన నెత్తులు, ఏడ్చే పసిపిల్లలు. సిరిసిల్ల ఇంకా అరగంట దూరమే, పైగా బస్సులు చాలా ఉన్నాయి. టిఫిన్ చేసి పోదామనుకున్నాం. ఫ్రేమును బెంచీ మీద ఆనించి నేను కాపలా కూర్చున్నాను. రాజవ్వ మిర్చీలు తెస్తానని బండి దగ్గరికి పోయింది.

సిరిసిల్ల నుంచి వచ్చిన బస్సులోంచి ఒక మొగుడూ పెళ్లాం దిగి కోరుట్ల బస్సు ఆగే చోటికి పరుగులాంటి నడకతో వస్తున్నారు. ఆమె చేతిలో కొత్త బట్టల దుకాణం సంచి ఉంది. ఆయన నన్ను దాటి రెండడుగులు పోయి, ఆగి, వెనక్కి వచ్చాడు. ఫ్రేమును చూశాడు. అక్కడే, మిర్చీల నూనె కాగితాలు పడి ఉన్న నేల మీదే, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అక్కా! నీ మొకం సూడనంటి గదనే... గిట్ల సూపిస్తివా అక్కా!"

ఈయనే శంకరయ్య అని అప్పుడు తెలిసింది. తువ్వాలాయన వాళ్ల చుట్టమేనని, ఆ ఫొటోలు ఎవరికి పంపాడో కూడా తెలిసింది. నేను లేచి నోరు తెరవబోయాను. ఆయన వెనకాల రాజవ్వ మిర్చీల పొట్లంతో నిలబడి, వద్దన్నట్టు చేయి ఊపింది. కళ్లు పెద్దవి చేసుకుని తమ్ముణ్ని చూస్తోంది. పొట్లం నా చేతిలో పెట్టి, గుసగుసగా, "జెర ఏడ్వని బిడ్డా. మూడేండ్లాయె" అంది. కెమెరా మెడలోంచి తీసి, ఒక మోకాలు వంచి, నేను నేర్పినట్టే మోచేతులు పక్కలకు ఆనించి, తమ్ముడి ఏడుపును ఫొటో తీసింది.

ఆయన పెళ్లాం పద్మ కొంగుతో కళ్లు తుడుచుకుని తల ఎత్తింది. "వదినే!" అని పెట్టిన కేకకు బస్టాండులో పావురాలు లేచిపోయాయి. శంకరయ్య వెనక్కి తిరిగాడు. అక్కను చూశాడు, ఫ్రేమును చూశాడు, మళ్లీ అక్కను చూశాడు.

"నువ్వు సావలేదా?"

"తేదీ ఇంక ఎయ్యలేదు, సదువుకో" అంది రాజవ్వ.

ఆయన నోరు ఇక ఆగలేదు. మనిషివా నువ్వు అన్నాడు, నా గుండె ఆగితే ఎవరు దిక్కు అన్నాడు. నన్ను చూపించి ఈ పిల్ల ఎవతె అన్నాడు. గుండ్లవాళ్లంతా చుట్టూ మూగారు. మా పూల పెద్దమ్మ కూడా వచ్చి రాజవ్వను పైనుంచి కిందికి చూసి, ఫ్రేముకు గుచ్చిన తన పువ్వును తీసి సంచిలో వేసుకుంది.

"నేనేమన్న జేసిననారా?" అంది రాజవ్వ. "మొకం సూడ అన్నోనివి, గంత సేపు సూస్తివి గదా. ఆ సంచిల ఏంది?"

పద్మ సంచి వెనక్కి దాచింది. దాచితే ఊరుకునే మనిషి కాదు రాజవ్వ, లాక్కుంది. లోపల చీర. మా దిక్కు ఆడమనిషి చనిపోతే ఆఖరి చీర తల్లిగారింటి నుంచే రావాలి. వాళ్ల తల్లిదండ్రులు లేరు, తల్లిగారిల్లంటే ఇప్పుడు శంకరయ్యే. ఆయన అక్క మీద కప్పడానికి చీర పట్టుకుని బయలుదేరాడన్న మాట.

రాజవ్వ దాని అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. శంకరయ్య ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

"గిది నీ సాంచెది గాదు."

"గాదు. దుకాణం తెరిపిచ్చి కొన్న."

"ఇంట్ల సాంచాలు పెట్టుకోని, అక్కకు దుకాణంల కొంటివా?"

శంకరయ్య నేల చూశాడు. "నా బట్ట కప్పితె, సచ్చినంక గూడ వంక వెడ్తవనుకున్న."

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. పొద్దుటి నుంచీ నవ్వుతున్న రాజవ్వ మాత్రం అప్పుడు ఏడ్చింది. నిలబడే, చీర మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడు ఆమె భుజం మీద చేయి వేయాలా వద్దా అని కాసేపు ఆలోచించి వేశాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చేయాలో తోచక మిర్చీలు అందరికీ పంచాను.

చీర సంగతి ఇంకా తేలలేదు. పీనుగు మీదికని కొన్నది కట్టుకోకూడదన్నారు జనం. రాజవ్వే తీర్పు చెప్పింది: "దీన్ని నీ దగ్గర్నే దాపెట్టు. ఆనాడు అక్కరకస్తది. గిప్పుడు మాత్రం నీ సాంచెది పెట్టు."

ఇప్పుడు నలుగురం, ఒక ఫ్రేము, సిరిసిల్ల బస్సెక్కాం. ఈసారి లగేజీ టికెట్టు శంకరయ్య తీసుకున్నాడు. ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని, అద్దం తన వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ప్రదర్శన రెండు గంటలకే మొదలైంది. శంకరయ్య సాంచాల కాడి నుంచి కటింగ్ ప్లేరు తెచ్చి దండ పీకాడు, కింది రాత మీద నల్ల టేపు అంటించాడు. బల్బు జోలికి మాత్రం అక్క పోనివ్వలేదు. జనం బాగానే వచ్చారు. క్యాలెండరుకు మేకపిల్ల, గుర్రుపెట్టే మొగుడు ఖాయమయ్యారు. రాజవ్వ తను పొద్దున తీసిన తమ్ముడి ఏడుపు ఫొటో కూడా అందులో వేయాలంది. వేస్తే మళ్లీ మొహం చూడనన్నాడు శంకరయ్య. ఈసారి ఎవరూ పట్టించుకోలేదు. ఆ పేజీ గురించి ఇద్దరూ ఇంకా కొట్లాడుతూనే ఉన్నారు.

సాయంత్రం ఆరింటికి పద్మ పెట్టిన సర్వపిండి సంచిలో పెట్టుకుని తిరుగు బస్సెక్కాం. ఫ్రేము మాతో రాలేదు. అది శంకరయ్య ఇంటి ముందర గదిలో, టీవీ పైన, బల్బు వెలుగుతూ ఉంది. ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగేది, పెద్ద ఫొటో తీసుకుపోతే పేపరు చింపకండి, వేములవాడ బస్టాండు మిర్చీలు మాత్రం తప్పకుండా తినండి. ఇక మా రూలు గురించి నాకున్న అనుమానాలు తీరిపోయాయి. నేను నోరు తెరిచి ఉంటే ఆ ఏడుపు సగంలో ఆగిపోయేది.

రుద్రంగి దాటేసరికి చీకటి పడింది. బస్సు ఖాళీగా ఉంది, ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. రాజవ్వ ఒళ్లో తమ్ముడి సాంచె చీర ఉంది. దాని అంచును రెండు వేళ్ల మధ్య నలుపుతూ చాలాసేపు కిటికీలోంచి చూసింది. తరువాత నా చెవి దగ్గరికి వంగింది.

"బిడ్డా, వానికి చెప్పకు. గిది గూడ లంగ గుడ్డనే."

అని, చలేమీ లేకపోయినా, చీర మడత విప్పి భుజాల చుట్టూ కప్పుకుని, కోరుట్ల వచ్చేదాకా నిద్రపోయింది.