మా ఓబులేసు కంటి కోసం ఆడిన ఉత్త మగ్గం

మా చిన్నప్పుడు... బద్వేలు దగ్గర మా నేతవీధిలో, రెండేళ్ల మా తమ్ముడు ఓబులేసుకు పైరెప్ప మీద ఒక గడ్డ లేచింది. మొదట కందిగింజంత. నెల తిరిగేసరికి శనగగింజంత! నొప్పి లేదు, వాడికి దిగులూ లేదు... దిగులంతా మాకే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. వాణ్ణి చంకనేసుకుని తిరిగేది నేనే కాబట్టి "మీవాని కంటికేమయింది మ్మేయ్?" అని దారిన పోయేవాళ్లంతా నన్నే ఆపేవారు. ఒకరు సున్నం పెట్టమంటారు, ఇంకొకరు ఉల్లిరసం పిండమంటారు. మా అవ్వ అందరినీ తరిమేసింది.

"పిల్లోని కంటి జోలికి ఎవురన్నా వచ్చినారంటే నేనూరుకోను!"

నాయన వాణ్ణి బద్వేలు ఆసుపత్రికి ఎత్తుకుపోయాడు. కంటి డాక్టరమ్మ మద్రాసు నుంచి కడపకు వచ్చేది వచ్చే అమావాస్య దాటాకేనని అక్కడి కాంపౌండరు చెప్పాడు. అంతవరకూ పూటపూటా గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టాలట. గడ్డ కరిగిందా, సరే... లేకుంటే రెప్ప తిప్పి కత్తితో కోయాల్సిందేనట.

కత్తి అన్న మాట వినగానే అమ్మ ఏడ్చేసింది. నాయన ఏడవలేదు గానీ ఆ పూట సంగటి ముట్టలేదు.

సరే, కాపడం పెడదామంటే మా ఓబులేసు ఒకచోట కూర్చుంటేనా! గుడ్డ చూస్తే చాలు, ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేకుండా వీధి చివరికి పరుగో పరుగు... బెల్లం ఇస్తే బెల్లం తిని మరీ పరుగెత్తేవాడు, దొంగవెధవ!

వాడు కదలకుండా కూర్చునేది ఒక్కచోటే... నాయన మగ్గం ముందు. పడుగు మధ్య నూలుపోగును మోసుకుపోయే నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. ఒక కంటి మీద నేను గుడ్డ ఆనించినా, రెండో కంటితో ఆ నాడెనే చూసేవాడు.

అయితే అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు దొరక్క అంతలోనే మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. అప్పుడు నాయన ఏం చేశాడో తెలుసా? నూలు కండె లేని ఉత్త నాడెను పూటపూటా కాసేపు ఆడించడం మొదలుపెట్టాడు! గుడ్డ వేలెడు కూడా నేయలేదు... చప్పుడు మాత్రం వీధి వీధంతా వినిపించేది.

మూడో రోజో నాలుగో రోజో, ఎదురింటి సుబ్బన్న మామ, ఆయన వెనక ఇంకో నలుగురు రొప్పుకుంటూ వచ్చేశారు.

"ఏమప్పా, నూలు యాడ దొరికింది నీకు? మాకొక మాట చెప్పగూడదా?"

నాయన ఆ నాడెను తీసి మామ చేతిలో పెట్టాడు. "నూలు యాడిది బావా... పిల్లోని కంటి కోసరం ఆడిస్తాండా."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వారు చూడండీ... మామ అయితే గోడ పట్టుకుని నవ్వాడు.

"పొద్దుగూకులూ నువ్వొక్కనివే ఏం ఆడిస్తావులేప్పా! సందేళ మా ఇంటికి తోలుకరాండి."

అంతే... పని లేక ఉసూరుమంటున్న వీధికి అదో పండగైంది. పొద్దున మా మగ్గం, మధ్యాహ్నం ఇంకొకరిది, సాయంత్రం సుబ్బన్న మామది. కాపడానికి వేడినీళ్లు కూడా ఆ ఇంటివాళ్లే కాచిపెట్టేవారు. ఓబులేసేమో పెళ్లికొడుకులా ఇల్లిల్లూ తిరిగేవాడు.

అమావాస్య దాటాక, పెట్రోలు కరువులో బొగ్గులతో నడిచే బస్సెక్కి కడపకు పోయాం. డాక్టరమ్మ రెప్ప తిప్పి చూస్తుంటే భయంతో నేను కళ్లు మూసుకున్నాను.

"కాపడం బాగా పెట్టారమ్మా! ఆవగింజంత మిగిలింది, అదీ పోతుంది. కత్తి అక్కర్లేదు" అంది ఆవిడ. అమ్మ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని మళ్లీ ఏడ్చింది... ఈసారి నవ్వుతూ.

మేం తిరిగొచ్చేసరికి వీధిలో వాళ్లంతా అరుగుల మీదే ఉన్నారు. "కోసినారా మ్మేయ్?" అని దూరం నుంచే సుబ్బన్న మామ కేక. "కోయలే మామా, కోయలే!" అని అరుచుకుంటూ పరుగెత్తాను. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ అరవలేదేమో.

మొన్న మా మునిమనవడికీ రెప్ప మీద అలాంటి గడ్డే లేచింది. ఫోన్లో ఫోటో పంపితే సాయంత్రానికల్లా డాక్టరు జవాబిచ్చాడు. పదిహేను రోజుల్లో తగ్గిపోయింది, చల్లగా ఉండాలి ఆ డాక్టరు... తగ్గిందన్న మాట ఎవరికైనా చెబుదామని వాకిట్లోకి వచ్చాను. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి.

అందుకే ఇదంతా మనవరాలి చేత రాయించి మీకు చెబుతున్నాను. మీ ఇంటి బిడ్డ కోసం మీ వీధి ఎప్పుడైనా ఇలా ఎదురుచూసిందా? చెప్పండి... వినాలనుంది.