జనం లేని సంత

ఆ బొమ్మల కార్ఖానాలో ఎవరికీ సొంత పేరు మిగల్లేదు. ఏది వేస్తే అదే పేరు. మబ్బులు వేసే ఆయన ఆకాశం బాబాయ్. మనుషుల్ని వేసే పెద్దావిడ జనం అక్క. దుకాణాల మీది గుడ్డ పందిళ్లు వేసే ఈమె, నలభై దాటినా, పందిళ్ల పిల్లే.

వాళ్లు వేసేది ఎక్కువగా ఒకే బొమ్మ, రంగు మచ్చలతోనే దృశ్యాన్ని చూపించిన ఫ్రెంచి ఇంప్రెషనిస్టుల కాలంనాటి ఒక సంత. దానికి చేత్తో నకళ్లు తీయించి హోటళ్లకు అమ్ముతాడు యజమాని. ఒక్కో కాన్వాసు నలుగురి చేతులు మారి చివరికి జనం అక్క దగ్గరికి చేరేది. దగ్గరగా చూస్తే ఆమె వేసినవన్నీ రంగు మచ్చలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే బేరాలాడే ఆడవాళ్లు, గంపలు మోసే మగవాళ్లు, తోసుకుంటూ కదిలే సంత.

కిటికీ పక్కన కూర్చుని చేసే ఆ పని మీద పందిళ్ల పిల్లకు పదకొండేళ్లుగా కన్ను. ఆకుపచ్చ చార, తెల్ల చార, మళ్లీ ఆకుపచ్చ చార. వేసి వేసి విసుగెత్తింది. ఒకరోజు యజమానికి రంగు డబ్బా అందిస్తూ, ఏమీ ఎరగనట్టు అనేసింది.

"అక్క చెయ్యి ఈమధ్య బాగా వణుకుతోందండీ, పాపం."

వణుకు అబద్ధం కాదు. ఆ 'పాపం' ఒక్కటే అబద్ధం.

మర్నాడే అక్కను ఇంటికి పంపేశారు. ఇరవై రెండేళ్ల చాకిరీకి ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. చెయ్యి అరిగేదాకా వాడుకుని, అరిగిందని పారేసేవాణ్ణి లోకం వ్యాపారి అంటుంది. మరి తనను ఏమనాలి? అక్క స్థానంలో కిటికీ పక్కన కూర్చున్న మొదటి రోజు నుంచే పందిళ్ల పిల్లను ఆ ప్రశ్న వదల్లేదు.

రెండు నెలలకు ఒక హోటల్ నుంచి పన్నెండు బొమ్మలు తిరిగొచ్చాయి. ఈమె చెయ్యి తొణకదు, బెణకదు. ప్రతి మనిషికీ ముక్కూ మొహమూ తీర్చిదిద్దింది. ఆకాశం బాబాయ్ చూసి పెదవి విరిచాడు.

"సంతలా లేదమ్మా. ఫొటో తీస్తున్నారని అందరూ ఊపిరి బిగబట్టినట్టుంది."

యజమాని తల పట్టుకున్నాడు. "ఆ ముసలావిడ వణుకే కావాలట ఈ హోటలువాళ్లకి! వెళ్లి తీసుకురా. నెల జీతం మాత్రం కుదరదు, రోజు కూలీకి రమ్మను."

పందిళ్ల పిల్ల వెళ్లేసరికి జనం అక్క రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతోంది. కబురు చెప్పి, అక్కడితో ఆగలేకపోయింది.

"నీ చెయ్యి సంగతి ఆయన చెవిన వేసింది నేనే అక్కా."

"తెలుసే. నా స్టూలు చల్లారకముందే ఎవరెక్కి కూర్చున్నారో బాబాయ్ చెప్పాడులే."

"మరి నన్ను తిట్టవేం?"

"తిట్టించుకుని, కళ్లు తుడుచుకుని, హాయిగా పోదామనుకున్నావా? తిట్టను. రోజు కూలీకీ రాను. మంచి చేతికి నెల జీతం ఇచ్చి, వణికే చేతికి గిరాకీ వచ్చాక కూలీ ఇస్తాడా? వెళ్లి అదే అడుగు. నా పని ఎవరి వల్ల పోయిందో అదీ చెప్పు, అందరి ముందూ."

చెప్పింది. కార్ఖానాలో పని ఆపి అందరూ వింటుంటే, బుద్ధి గడ్డి తిని తాను చేసిందంతా చెప్పింది. ఆకాశం బాబాయ్ మొహం తిప్పుకున్నాడు. ఎవరూ ఓదార్చలేదు. అదే న్యాయమనిపించింది.

"పాత జీతం ఇస్తేనే అక్క వస్తుందండీ. అప్పటిదాకా జనాన్ని నేను వెయ్యను."

"నువ్వు కాకపోతే ఇంకొకరు వేస్తారు!" అని యజమాని కేకేశాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేవలేదు.

వారమైంది. గోడ పొడవునా కాన్వాసులు ఆరుతున్నాయి. మబ్బులున్నాయి, పందిళ్లున్నాయి, కూరగాయల గుట్టలున్నాయి. కొనడానికీ అమ్మడానికీ ఒక్క మనిషి లేడు. యజమాని వాటి ముందు రోజుకు పదిసార్లు తిరుగుతున్నాడు. అక్క తిరిగొచ్చినా తనతో మాట్లాడదని ఆమెకు తెలుసు. అయినా తన పాత చోటే కూర్చుని, తల వంచుకుని ఆకుపచ్చ చార పక్కన తెల్ల చార వేస్తోంది.