బోర్లించిన గ్లాసు

మధ్యాహ్నం మూడింటికి ఆ ఆసుపత్రి కూడా ఒక కునుకు తీస్తుంది. తెల్ల కర్టెన్లు ఊపిరి పీల్చి వదులుతుంటాయి. మంచాలు కట్టు విప్పిన పడవల్లా వెలుతురులో తేలుతుంటాయి. కింది వార్డులో ఆ పడవలన్నిటికీ ముప్పై ఏళ్లుగా హెడ్ నర్సే చుక్కాని. అందరికీ ఆవిడ పెద్దక్క. ఒప్పుకోరుగానీ, డాక్టర్లకు కూడా.

పెద్దక్క రాజ్యాంగంలో మొదటి అధికరణం ఇది: ఆపరేషనుకు ముందు నోట్లో చుక్క నీరు పడకూడని రోగి బల్ల మీద గ్లాసు బోర్లించాలి. ఆసుపత్రి అంతటా ఒకే మాట ఉండాలని కమిటీ వారు "నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు" అని అట్టలు అచ్చేయించి పంపితే, ఆవిడ వాటిని సగౌరవంగా బీరువాలో పెట్టి తాళం వేసింది. గ్లాసైతే చదువు రానివాళ్లకీ తెలుస్తుందట.

ఆ రోజు మంచాలు చాలక, కడుపు ఆపరేషనుకు సిద్ధంగా ఉన్న దర్జీ తాతను పై వార్డుకు మార్చారు. వెంట గ్లాసూ వెళ్లింది. పై వార్డులో బోర్లించిన గ్లాసంటే కడిగిన గ్లాసు. అక్కడి ఆయమ్మ దాన్ని నిలబెట్టి నిండా పాలు పోసింది. పొద్దుటినుంచి నాలుక పిడచకట్టిన తాత, స్వర్గానికి కాస్త ముందే వచ్చేశాననుకుని గటగటా తాగేశాడు.

మూతి మీద పాల మీసం చూసి మత్తు డాక్టరు గుండె జారిపోయింది. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు. ఆపరేషను మర్నాటికి మారింది.

కబురు విని పెద్దక్క మెట్లెక్కింది. మెట్లు కలలోలా, ఎక్కినకొద్దీ పెరిగాయి. ఉద్యోగం ఊడుతుందని ఆయమ్మ గోడకు అంటుకుపోయి ఏడుస్తోంది. పెద్దక్క తాతను మెల్లగా మందలించబోయింది.

"గ్లాసు బోర్లించి వెళ్లిపోయారు గదమ్మా," అన్నాడు తాత. "అది నాతో ఏమీ చెప్పలేదు."

మంచానికి కాళ్లవైపు, ఆపరేషను ఎందుకు ఆగిందో రాసే నివేదిక కాగితం ఉంది. కారణం అన్నచోట డాక్టరు అప్పటికే ఆయమ్మ పేరు రాశాడు. పెద్దక్క ఆ పేరు కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో "హెడ్ నర్సు సొంత భాష" అని రాసి సంతకం పెట్టింది.

ఆయమ్మ కూడబలుక్కుని చదివి, కళ్లు తుడుచుకుంది. "మిమ్మల్ని ఏమైనా చేస్తారేమో పెద్దక్కా?"

"ఏం చేస్తారే? మహా అయితే ఇకనుంచి అందరిలా మాట్లాడమంటారు."

ఆ శిక్ష ఎంత కఠినమో తెలిసినదానిలా, ఆవిడ తాత పక్కన స్టూలు మీద కూలబడింది.