మైకు వదిన

మా వదినకు కోపం వస్తే ఇప్పుడు పెద్దగా అరవలేదు. అది అన్నయ్యకు వరమని నేనంటాను. అన్నయ్య మాత్రం, ఆ గొంతు తిరిగొస్తానంటే రోజూ తిట్లు తినడానికి సిద్ధమే అంటాడు. ఆదివారం మా కవిత్వ గోష్ఠికి కొత్తగా వచ్చే పిల్లలు ఆమెను కవయిత్రిగారని పిలుస్తున్నారు. వాళ్ళు ఆ గొంతు వినలేదు పాపం. విన్నవాళ్ళం తగ్గిపోతున్నాం కాబట్టి ఇది రాసి పెడుతున్నాను.

వదిన బస్టాండులో ప్రకటనలు చదివేది. మెట్ల కింద అద్దాల గది, అందులో ఒక కుర్చీ, బల్ల, మైకు. మైకు మీద దుమ్ము పడకుండా చేతిరుమాలు కప్పి ఉంచేది. ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి తన గదిలో కూర్చుని ఏడుస్తున్నాడో వదిన చెబితేనే జనానికి తెలిసేది. బస్సు తప్పినవాళ్ళు డ్రైవరును వదిలేసి, అద్దం తట్టి మరీ ఆమె మీద పడేవారు.

"మీరసలు చెప్పనే లేదు!"

"చెప్పానండీ. అప్పుడు మీరు టీ తాగుతున్నారు," అనేది వదిన, మైకులో మాట్లాడినంత మర్యాదగా.

అంత బాగుండేది గొంతు. బస్సు రద్దయిందన్న కబురు కూడా ఆమె నోట శుభవార్తలా వినబడేది. మా అన్నయ్య అదే డిపోలో మెకానిక్కు. గొంతు విని పెళ్ళికి ఒప్పేసుకున్నాడనీ, మనిషిని తర్వాత తీరిగ్గా చూశాడనీ డిపోలో ఆటపట్టించేవారు. అన్నయ్య ఆ మాట ఎప్పుడూ కాదనలేదు.

ఆ రోజుల్లో నాకు కవిత్వం పిచ్చి. పగలు బీమా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఆదివారం సాయంత్రం మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద కవిత్వం. మిషన్లన్నీ ఎప్పుడో అమ్మేశారు. ఇనుప బల్లలు, వాటి మీద మిషన్ల కాళ్ళు నొక్కుకున్న గుర్తులు మిగిలాయి. ఏ వేలు ఏ అక్షరం మీద ఉండాలో చూపించే బొమ్మ గోడకు అలాగే వేలాడేది. కిర్రుమనే ఫ్యాను కింద ఆ బల్లల చుట్టూ చేరేవాళ్ళం: రిటైరైన డ్రాయింగు మాస్టారు, మందుల షాపాయన, ఒక టైలరు, నేను, ఇంకా వస్తూ పోతూ ఉండేవాళ్ళు కొందరు. ఇప్పుడక్కడ ఏదో గోడౌను ఉంది. ఆ వీధిలో వెళ్ళినప్పుడల్లా తలెత్తి కిటికీ వంక చూస్తాను. అట్టపెట్టెలు కనబడతాయి.

ఆ గదికి పెద్ద డ్రాయింగు మాస్టారు. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. రాసినవాడు తన కవిత తాను చదవకూడదు, ఇంకొకరు చదవాలి, రాసినవాడు నోరు మూసుకుని వినాలి.

"నీ కవిత నువ్వే చదివితే చేతులూపి, కళ్ళు తిప్పి మమ్మల్ని బుట్టలో వేస్తావు. కాగితంలో ఏముందో అదే రానీ," అనేవారు.

నియమం మంచిదే. కానీ ఒకసారి నా కవిత టైలరు చేతిలో పడింది. మనిషి వెన్నపూస, చదవడం మాత్రం ఘోరం. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కుట్లు విప్పినట్టు విప్పుతాడు. మధ్యలో కళ్ళజోడు తుడుచుకుంటాడు. నా విరహగీతం ఆయన నోట్లో పడి చొక్కా కొలతల్లా వినబడింది. తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చి వదిన దగ్గర మొత్తుకున్నాను.

"వదినా, ఒక్క ఆదివారం వచ్చి నా కవిత చదివి పెట్టవూ?"

"కవిత్వం నాకేం తెలుసయ్యా? బస్సుల పేర్లయితే చదువుతాను."

"అలాగే చదువు చాలు."

వచ్చింది. చదివింది. గది గదంతా ఊపిరి బిగబట్టింది. నా కవితలో అంతుందని నాకే తెలియదు. మందుల షాపాయన లేచొచ్చి నా భుజం తట్టాడు. ఉబ్బితబ్బిబ్బయిపోయాను. తర్వాతి వారం ఆయన తన కవిత వదినకు ఇచ్చాడు. ఆ పై వారం ఇంకొకరు. కొన్నాళ్ళకు అందరి కవితలూ వదినే చదవడం అలవాటైపోయింది. మెట్ల మలుపు దగ్గర నిలబడి ముందుగా ఒకసారి పెదవులు కదుపుతూ చూసుకునేది. రాసినవాళ్ళను పిలిచి నెమ్మదిగా అడిగేది.

"ఇక్కడ నాకు ఊపిరి అందట్లేదండీ. ఈ మాట ఉండాల్సిందేనా?"

చదివేది ఆవిడ కదా, ఆవిడకు వీలుగా ఉండాలి కదా అని ఆ మాట తీసేసేవాళ్ళం. అంతకంటే ఎవరం ఆలోచించలేదు. మైకు వదిన అని పేరు పెట్టారు. నాకు వదినయితే గదిలో అందరికీ వదినే అయింది, డెబ్బై దాటిన మాస్టారికి కూడా.

ఒక ఆదివారం ఇంటికి తిరిగొస్తుంటే ఉన్నట్టుండి అడిగింది.

"రాసినవాళ్ళు చదవకూడదు కదా. మరి నేను రాస్తే ఎవరు చదువుతారు?"

"టైలరుగారున్నారుగా!" అని పెద్దగా నవ్వాను. వదిన నవ్వలేదు. ఇంటికెళ్ళాక అలమరలో చీరల కింద నుంచి కొన్ని కాగితాలు తీసి నా ముందు పెట్టింది. చదివాను. నిజం చెప్పొద్దూ, కొన్ని చోట్ల నాకు కళ్ళు కుట్టాయి.

"ఇవి మాస్టారికి ఇవ్వొచ్చుగా?"

"వాళ్ళు నన్ను పిలిచింది గొంతు కోసం. నేనూ రాశానంటే మొహమాటానికి బాగుందంటారు. వద్దులే. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. అలాగే ఏళ్ళు గడిచాయి. తలుచుకుంటే ఇప్పుడు అంత మంచి రోజులు మళ్ళీ రావనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఫ్యాను కిర్రుమంటోందనీ, టీలో చక్కెర లేదనీ సణుక్కుంటూ గడిపేశాం.

వదిన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. జలుబు తగ్గింది, బొంగురు తగ్గలేదు. డాక్టరు చూసి స్వరతంత్రుల మీద ఏవో కాయల్లాంటివి లేచాయని ఆపరేషన్ చేశాడు. ప్రాణానికేం భయం లేదన్నాడు. నిజమే, మనిషి బాగుంది. మాట్లాడకూడదన్న గడువు అయ్యాక మొదటిసారి నోరు తెరిస్తే మాటకంటే గాలే ఎక్కువ వచ్చింది. అన్నయ్య గది బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అంత ఆజానుబాహువు ఏడవడం నేను అప్పుడే చూశాను.

బస్టాండులో ఆమెను పాసులు ఇచ్చే కౌంటరుకు మార్చారు. మైకులో వేరే అమ్మాయి గొంతు మొదలైంది. వదిన ఆ గొంతు వింటూ రోజంతా ఫోటోలు అతికించి ముద్రలు కొట్టేది. ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయింది. రమ్మంటే గీరుకుపోయిన గొంతుతో ఒకటే మాట.

"గొంతుతో వచ్చాను. గొంతు పోయింది. ఇంకక్కడ నాకేం పని?"

నేను ఒక్కణ్ణే వెళ్ళాను. కుశలం అడిగారు, అయ్యో అన్నారు. ఆ తర్వాత చర్చంతా ఇక ఎవరు చదవాలనే దాని మీదే. నాకు ఒళ్ళు మండిపోయింది. మందుల షాపాయన కవిత టైలరు చదివాడు. చదువుతూనే ఉన్నాడు, అది ఎంతకీ అవదు.

"చూశారా, వదిన లేకపోతే నా కవిత్వం శవమైపోయింది. ఆ గొంతే వేరు," అన్నాడు షాపాయన.

మాస్టారు ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"గొంతు సంగతి తర్వాత. ఇంతకుముందు నువ్వు ఇంత పొడుగు రాసేవాడివి కాదే. ఎవరు కత్తిరించేవారు?"

షాపాయన వంగి ఆ కాగితం వంక చూశాడు. నేను నా పాత కవితలు మనసులోనే చూసుకున్నాను. మెట్ల మలుపులో తీసేసిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఊపిరి అందలేదని కాదు, ఆ మాటల్లో పస లేదనే ఆమె ఆగింది. మా కవితల్ని ఇన్నాళ్ళూ చెక్కింది ఆవిడ. మేమేమో గొంతు బాగుందని చప్పట్లు కొట్టాం. అక్కడ కూర్చున్న ఎవరికీ ఇంకొకరి మొహం చూడబుద్ధి కాలేదు.

అప్పుడు నోరు జారాను. జారడమేంటి, కావాలనే అన్నాను.

"ఆవిడ కూడా రాస్తుంది. మీకు చెప్పొద్దంది."

ఈ సంగతంతా ఇంట్లో చెబితే వదిన నమ్మలేదు. "జాలిపడి అంటున్నారు," అని కొట్టిపారేసింది. తను రాస్తుందని చెప్పినందుకు నాతో మాట్లాడటం మానేసింది.

మాస్టారు ఊరుకునే మనిషి కాదు. ఒక పొద్దున్న పాసుల కౌంటరు ముందు వరసలో నిలబడ్డారు. కాలేజీ పిల్లల మధ్య, చంకలో గొడుగుతో. వంతు వచ్చాక కిటికీలోంచి కాగితం లోపలికి తోశారు. ఈ ముక్క వదిన తర్వాత నాకు చెప్పింది.

"ఫోటో ఏదండీ?" అందట వదిన, తలెత్తకుండానే.

"పాసు కాదమ్మా వదినా, కవిత. చదవక్కర్లేదు. ఎక్కడ ఊపిరి అందట్లేదో చూసి కొట్టెయ్యి."

వెనక పిల్లలు గోల మొదలుపెట్టారు. వదిన ఏం చేయాలో తోచక, చేతిలో ఉన్న పెన్నుతోనే చివరి రెండు లైన్లు కొట్టేసి ఇచ్చింది. మాస్టారు అది చూసుకుని తలూపారు.

"మరి నీదేది? ఆదివారం పట్టుకురా. మేమూ కొట్టేస్తాం."

వదిన ఆ ఆదివారం నాతో వచ్చింది. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. నలుగురిలో ఆ గొంతు బయటపడుతుందని ఆపరేషనయినప్పటి నుంచి బయట నోరు విప్పేది కాదు. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. గదిలో ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది. కాగితం మాస్టారికి ఇస్తే, ఆయన దాన్ని నేరుగా టైలరు చేతిలో పెట్టారు.

టైలరు కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి మొదలుపెట్టాడు.

నేను పిలిస్తే
ఎవరెవరో వెళ్ళిన ఊళ్ళు,
నేను చూడనివి.
వాటి పేర్లు మాత్రం
నా గొంతులో దిగి
కాసేపు ఆగి వెళ్ళాయి.

ఆగకూడని చోట ఆగాడు, ఆగాల్సిన చోట తడుముకున్నాడు. అయినా నాకు ఒళ్ళు జలదరించింది. వదిన ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. ఆయన కింది లైన్లకు వచ్చాడు.

జీవితమే ఒక ప్రయాణం,
మనమంతా బాటసారులం,
గమ్యం చేరేదాకా
నడవక తప్పదు.

అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాపం, బాగుంది అని ఎవరూ అనలేదు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"పైది కవిత. కిందిది క్యాలెండరు. తీసెయ్."

ఇంత నిర్దయా అని నేను లేవబోయాను. అంతలో వదిన తలెత్తింది.

"ఎందుకు తియ్యాలి?" గాలీ గరగరా కలిసిన ఆ గొంతు.

"నీకు ఊపిరి అందుతోందా అక్కడ?"

"నాకు అందుతోంది! మీకు వినడం రాకపోతే నేనేం చేస్తాను?"

అంతే, గది రెండుగా చీలిపోయింది. నడవక తప్పదు అన్నది ఉంచాలని షాపాయన. అదుంచితే పైవన్నీ ఉంచాలి, కావాలంటే మొదటి లైనే మార్చాలి అని ఇంకొకాయన. తను చదివినప్పుడు ఏ లైనూ అడ్డు రాలేదు కాబట్టి అన్నీ బాగున్నట్టేనని టైలరు. ఆ మాటకు అందరూ విరగబడి నవ్వారు, వదినతో సహా. వెంటనే మళ్ళీ పోట్లాటకు దిగింది. బల్ల మీద చెయ్యేసి కొట్టింది కూడా. ఇన్నేళ్ళలో ఆమెతో ఆ గదిలో ఎవరూ వాదించలేదు, అడుగడుగునా పొగిడారు. ఆ సాయంత్రం ఒక్కరూ పొగడలేదు. టీలు చల్లారిపోయాయి. నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా మీద విరుచుకుపడింది.

"క్యాలెండరట! ఆయన పోయినసారి చంద్రుణ్ణి పట్టుకుని వెండి పళ్ళెం అనలేదూ? అది క్యాలెండరు కాదా? ఆ మందుల షాపాయన ఒక్క చివరి లైనే ఉంచమంటాడా! వచ్చే వారం చెబుతాను ఆయన పని."

ఆమె సంచీ తెరిచి కాగితం తీసింది. ఒళ్ళో పెట్టుకుని, బస్సు కుదుపులకు పెన్ను వంకర పోతున్నా లెక్కచేయకుండా ఆ కింది నాలుగు లైన్లూ కొట్టేసింది.

"ఆ ముసలాయన చెప్పిందే నిజం. ఆయనకు మాత్రం చెప్పకు. ఇప్పుడు ఇక్కడ ఏదో వెలితిగా ఉంది, చూడు, ఇంకో ముక్క పడాలి కదూ?" అని మళ్ళీ మొదలుపెట్టింది.

ముందు సీట్లవాళ్ళు ఆ గొంతుకు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తున్నారు. వదిన వాళ్ళను గమనించనేలేదు. ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది.