షాపు తెరమీద అక్క

ఫొటో స్టూడియో బాబాయి కంప్యూటర్లో డిస్కు పాడవుతోంది. బాగుచేసే ప్రోగ్రాం నొక్కితే, డిస్కు వాడకంలో ఉంది, కుదరదంటోంది. మెకానిక్ కుర్రాడు తెరిచున్న ప్రోగ్రాంలన్నీ మూసేశాడు. అయినా అదే పాట.

"బాబాయ్, షాపు ముందు అద్దం దగ్గర తెరమీద తిరిగే ఫొటోలు ఈ డిస్కులోవేగా? ఆపెయ్" అన్నాడు.

"ఆగరా, పళ్లమ్మే పెద్దమ్మ వచ్చే వేళ. చనిపోయిన వాళ్లక్కని ఆ ఫొటోల్లో రోజూ చూసిపోతుంది. ప్రింటిస్తానంటే, 'గదిలో దానికేం తోస్తుంది, ఇక్కడే నలుగురిలో ఉండనీ' అంటుంది."

"ఆలస్యమైతే ఆ ఒక్క ఫొటో కూడా దక్కదు!"

ఇంతలో పెద్దమ్మ గంపతో వచ్చింది. సంగతి విని తెరకేసి చూసింది.

"ముందు అక్కకి వైద్యం చేయించు నాయనా. నేను రేపొస్తాలే."

బాబాయి ఫొటోలు ఆపాడు. ప్రోగ్రాం మొదలైంది. పెద్దమ్మ మాత్రం గంప దించి గుమ్మంలోనే కూర్చుంది.