గుంత దగ్గర కొబ్బరికాయ

వరంగల్‌లో వ్యవసాయ కళాశాల అధ్యాపకురాలిగా చేరిన కొత్తలో, మట్టి పొరలు చూసి నేల గుణం చెప్పే పోటీకి మా విద్యార్థులతో జట్టు కట్టాను. సాధన కోసం పాలంపేట దగ్గర ఓ రైతును అడిగి, ఆయన చెలకలో నడుములోతు గుంత తవ్వాం. మొదటి గడ్డపార పోటుకు ముందు పిల్లలు పసుపు, కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టారు. నేనూ దండం పెట్టాను.

అదే కొంప ముంచింది.

"లంకెబిందెల కోసం తవ్వుతాండ్రు, కొట్టుండ్రి!" అంటూ ఊరి జనం కర్రలతో మీదపడ్డారు. మా విద్యార్థి రమేశ్ తల పగిలి మొహమంతా రక్తం. "మట్టి చూస్తానం అన్నా!" అని గుంతలోంచి ఇంకో విద్యార్థిని సమీనా అరిచినా వినలేదు. ఆమె మీదికి లేచిన కర్రకు చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగింది. రైతు పరుగున వచ్చి అడ్డుపడ్డాకే ఆగారు.

నన్ను కొట్టినాయనే ట్రాక్టర్ మీద దవాఖానకు తీసుకెళ్తూ, "మేడం, మా చెలక గూడ జర చూస్తరా?" అన్నాడు.

కట్టు విప్పాక వెళ్లి చూశాను. ఈసారి కొబ్బరికాయ మాత్రం ఎవరినీ కొట్టనివ్వలేదు.